బైక్‌కి కొత్త షాక్స్ ఇంట్లోనే బిగించుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నదంతా వెనక రెండు షాక్స్ (షాక్ అబ్జార్బర్లు) ఉన్న బండ్ల గురించి. బుల్లెట్, క్లాసిక్, ఇంటర్‌సెప్టర్, పల్సర్ 150, స్ప్లెండర్ లాంటివన్నమాట. పాతవి విప్పి కొత్తవి బిగించడం పానా పట్టడం తెలిసినవాళ్లకి పెద్ద పనేం కాదు. వాటిని మన బరువుకీ, మన గుంతలకీ సెట్ చేసుకోవడమే అసలు పని. చాలామంది అది వదిలేసి, నాలుగు రోజులు నడిపి, "డబ్బులు దండగ భయ్యా" అంటుంటారు. అందుకే సెట్టింగ్ గురించి ఎక్కువ రాశాను.

నా బండికి నిజంగా షాక్స్ మార్చాలా?

ముందు గాలి చూడండి. బంకులో గాలి కొట్టేవాళ్లు చాలాసార్లు అడక్కుండానే 40 కొట్టేస్తారు. వెనక టైరు రాయిలా ఉంటే ఎంత ఖరీదైన షాక్ పెట్టినా నడుం పట్టేస్తుంది. చైన్ కవర్ మీదో స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) మీదో అంటించిన స్టిక్కర్‌లో మీ బండికి ఎంత గాలి కావాలో రాసి ఉంటుంది. అంత పెట్టి ఒక వారం నడపండి. తర్వాత షాక్ కింద ఉండే మెట్ల కాలర్ ఏ మెట్టు మీద ఉందో చూడండి. ఎవరో మెకానిక్ ఎప్పుడో చివరి మెట్టుకి తిప్పేసి ఉంటే, దాన్ని వెనక్కి తిప్పితేనే సగం బాధ పోతుంది.

ఇవి చూశాక కూడా తేడా లేకపోతే షాక్ రాడ్ మీద వేలు పెట్టి తుడవండి. నూనె జిడ్డు, దాని మీద మట్టి పేరుకుని ఉంటే సీల్ పోయినట్టు. వెనక సీటు మీద గట్టిగా నొక్కి వదిలితే బండి రెండు మూడుసార్లు ఎగిరి ఆగుతోందంటే లోపల డ్యాంపింగ్ (ఊపుని ఆపే శక్తి) అయిపోయింది. అప్పుడు మార్చాల్సిందే. ఒక్కటే పోయినా జత మొత్తం మార్చాలి.

ఏ కంపెనీవి తీసుకోవాలి?

మీరు బండి ఎలా నడుపుతారో దాన్నిబట్టి. రోజూ ఉప్పల్ నుంచి హైటెక్ సిటీకి ఆఫీసుకి వెళ్లొచ్చే కమ్యూటర్ బండికి గాబ్రియేల్, ఎండ్యూరన్స్ లాంటివి చాలు. షోరూం నుంచి వచ్చే చాలా బండ్లలో ఉండేవీ ఇలాంటివే. రాయల్ ఎన్‌ఫీల్డ్‌లకైతే థాయ్‌లాండ్ కంపెనీ వైఎస్ఎస్ వాటికి మనవాళ్లలో మంచి పేరుంది. బ్రిటన్ నుంచి హేగన్, స్వీడన్ నుంచి ఓహ్లిన్స్ ఉన్నాయి. వాటి ధర వినగానే ఇంట్లోవాళ్లతో గొడవ ఖాయం.

నా మాటైతే, బ్రాండ్ కంటే స్ప్రింగ్ ముఖ్యం. 60 కిలోల మనిషికీ 95 కిలోల మనిషికీ ఒకే స్ప్రింగ్ సరిపోదు. కొనేటప్పుడు "మీ బరువెంత? వెనక ఎవరైనా కూర్చుంటారా?" అని అడిగే షాపు దొరికితే దాన్ని వదలకండి.

గ్యాస్ షాక్స్ అంటే ఏంటి? పక్కన చిన్న డబ్బా ఉంటే మంచివేనా?

షాక్ లోపల నూనె చిన్న చిన్న రంధ్రాల గుండా అటూ ఇటూ పారుతుంది. గుంతల రోడ్డు మీద ఆపకుండా నడిపితే ఆ నూనె వేడెక్కి నురగ కడుతుంది. నురగకి పట్టు ఉండదు కాబట్టి షాక్ మెత్తబడిపోతుంది. నైట్రోజన్ గ్యాస్‌తో ఆ నూనె మీద ఒత్తిడి పెడితే నురగ కట్టడం బాగా తగ్గుతుంది. పక్కనుండే డబ్బా ఈ గ్యాస్ కోసమూ, అదనంగా కొంత నూనె పట్టడం కోసమూ.

మార్కెట్లో దొరికే చవక షాక్స్ కొన్నింట్లో ఆ డబ్బా ఉత్త షోకే. బంగారు రంగేసి స్క్రూతో అతికించి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. డబ్బాకీ షాక్ బాడీకీ మధ్య దారి ఉండేలా అచ్చు పోశారా, ఊరికే తగిలించారా అన్నది దగ్గరగా చూస్తే తెలిసిపోతుంది. నిజమైన గ్యాస్ షాక్ అయితే దాని వాల్వు మీద టైరు గాలి గేజ్ పెట్టి చూడటం, మూత విప్పి చూడటం లాంటివి చేయకండి. లోపల ప్రెషర్ చాలా ఉంటుంది.

ఏయే కొలతలు తీసుకోవాలి?

పైన బోల్టు దూరే రంధ్రం మధ్య నుంచి కింది రంధ్రం మధ్య వరకు షాక్ పొడవు ఒకటి. పై బుష్ (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు) లోపలి వ్యాసం, కింది బుష్ లోపలి వ్యాసం. పైన బుష్ వెడల్పు, కింద బుష్ వెడల్పు. టేపు సరిపోదు, వెర్నియర్ (మిల్లీమీటరు కంటే చిన్న తేడాలు చూపే కొలత సాధనం) కావాలి.

మోడల్ పేరు ఒక్కటే చెప్పి కొనకండి. క్లాసిక్ 350 అనే పేరుతోనే 2021 ముందు బండి వేరు, తర్వాత వచ్చిన బండి వేరు.

బుష్ వదులుగా ఉంటే రేకు చుట్టి దూర్చేవాళ్లుంటారు. అది ఎప్పటికైనా అరిగి, బోల్టు గాడి పడుతుంది. లేత్ షాపులో స్టీలు స్లీవ్ తీయించుకోండి. బుష్ బిగుతుగా ఉంటే మాత్రం డ్రిల్ పెట్టొద్దు, షాక్ వాపస్ ఇచ్చేయండి.

ఒక అంగుళం పొడవువి పెడితే బండి లుక్ బాగుంటుంది కదా?

లుక్ సంగతి సరే. వెనక భాగం లేస్తే ముందు ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. స్పీడులో బండికి నిలకడ తగ్గుతుంది. సైడ్ స్టాండ్ పొడవు చాలక బండి మరీ పక్కకి వాలుతుంది. చైన్ వంపు మారి స్వింగ్‌ఆర్మ్‌కి రాసుకోవచ్చు. పొట్టివి పెడితే సైలెన్సర్ స్పీడ్ బ్రేకర్లకి తగులుతుంది, ఇద్దరెక్కితే టైరు మడ్‌గార్డ్‌కి కొట్టుకుంటుంది. మన కాలనీల్లో ఎవరికి వాళ్లు ఇంటి ముందు కట్టుకున్న స్పీడ్ బ్రేకర్లని తలుచుకుంటే పొట్టి షాక్స్ ఆలోచనే రాదు. పాతవెంత పొడవో కొత్తవీ అంతే పెట్టండి.

హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతాయి?

కోఠి పక్కన పుత్లీబౌలిలో బైక్ స్పేర్లు, యాక్సెసరీలు అన్నీ ఉంటాయి. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో స్పేర్లతో పాటు పనిముట్లూ దొరుకుతాయి. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు, శనివారమే వెళ్లండి. పాత షాక్ ఒకటి సంచిలో వేసుకెళ్లి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి చూసుకుంటే మాటలతో పని ఉండదు. పేరున్న కంపెనీల డబ్బాల్లో నకిలీలు అంతటా తిరుగుతున్నాయి కాబట్టి పార్ట్ నంబర్, హోలోగ్రామ్, బిల్లు చూసుకోండి. బిల్లు ఇవ్వనంటే కొనొద్దు.

ఇంట్లో ఏ పనిముట్లు ఉండాలి?

రింగ్ పానాలు, సాకెట్ సెట్, సీ స్పానర్ (కాలర్ తిప్పే పానా), టార్క్ రెంచ్ (ఎంత గట్టిగా బిగించామో చూపే పానా), రబ్బరు సుత్తి, తుప్పు వదలగొట్టే స్ప్రే, గ్రీజు, చిన్న జాకీ, రెండు మూడు చెక్క ముక్కలు. టార్క్ రెంచ్ ఒక్కటి ఖరీదైంది. దాన్ని అరువు తెచ్చుకున్నా పర్లేదు గానీ లేకుండా మొదలెట్టకండి.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, కాకపోతే ర్యాంపు మీద వద్దు. మన సెల్లార్లలో నీళ్లు పోవడానికని నేల కొంచెం వాలుగా వేస్తారు. డబుల్ స్టాండ్ వేశాక బండిని అటూ ఇటూ ఊపి చూడండి, కదిలితే చోటు మార్చండి. ముందు బ్రేకు లివర్‌ని ఒక గుడ్డతో హ్యాండిల్‌కి గట్టిగా కట్టేస్తే బండి ముందుకి జారదు. సాయంత్రం ఆఫీసు కార్లు లోపలికొచ్చే టైమ్‌లో మొదలెడితే మధ్యలో బండి తీయమంటారు, ఆ టెన్షన్ మనకెందుకు. ఉదయమే కూర్చోండి.

సరే, ఎలా విప్పాలి? ఎలా బిగించాలి?

డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రం నేలకి తగలకుండా చూసుకోండి. డబుల్ స్టాండ్ లేని బండైతే ఫ్రేమ్ కింద జాకీ పెట్టి లేపాలి, స్వింగ్‌ఆర్మ్ కింద కాదు. పైన, కింద ఫోటోలు తీసుకోండి. ఏ వాషర్ లోపలుంది, ఏది బయటుంది అన్నది పది నిమిషాల్లో మర్చిపోతాం.

కొన్ని బండ్లలో పై నట్టుకి గ్రాబ్ రైలో, శారీ గార్డ్ క్లాంపో తగిలించి ఉంటుంది. సైలెన్సర్ ఉన్న వైపు కింది బోల్టుకి సాకెట్ పట్టకపోతే సైలెన్సర్ వెనక బోల్టు తీసి కొంచెం పక్కకి జరపాలి. ఇంజిన్ చల్లారాకే ఆ పని పెట్టుకోండి.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. రెండు షాక్స్ ఒకేసారి తీసేయొద్దు. ఒక వైపుది తీసినప్పుడు రెండోది స్వింగ్‌ఆర్మ్‌ని పట్టుకుని ఉంటుంది. రెండూ తీస్తే చక్రంతో సహా స్వింగ్‌ఆర్మ్ కిందికి పడిపోయి బ్రేకు పైపు లాగేస్తుంది. ఒక వైపు పాతది తీసి, కొత్తది పైన తగిలించి, కింది రంధ్రం కలిసేలా టైరు కింద చెక్క ముక్క దూర్చి కొద్దిగా లేపండి. రంధ్రాలు ఎదురెదురుగా వచ్చినప్పుడు బోల్టు చేత్తోనే జారిపోతుంది. సుత్తితో కొట్టాల్సి వస్తోందంటే రంధ్రాలు కలవలేదని అర్థం. కొత్తదానికీ పాతదానికీ పొడవులో నాలుగైదు మిల్లీమీటర్లు తేడా ఉంటే ఒక పక్క బిగించాక రెండో పక్క కుదరకపోవచ్చు. అలాంటప్పుడు చక్రం కింద చెక్కలు గట్టిగా పేర్చి, బరువంతా వాటి మీదికి తెచ్చాకే రెండోది విప్పాలి.

డబ్బా ఉన్న షాక్స్‌కి కుడి, ఎడమ వేరుగా ఉంటాయి. డబ్బా సైలెన్సర్‌కి గానీ శారీ గార్డ్‌కి గానీ తగులుతోందేమో బిగించకముందే చూడండి. తగులుతోందని శారీ గార్డ్ పీకేయకండి. వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా రక్షణ ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, 1989 కేంద్ర నిబంధనల్లో 123వది. చీరకొంగు, చున్నీ చక్రంలో పడితే ఏమవుతుందో మనకి తెలియంది కాదు.

నట్టు కదలట్లేదు. ఏం చేయాలి?

ముందురోజు రాత్రే స్ప్రే కొట్టి వదిలేయండి. పొద్దున నట్టు చుట్టూ చిన్నగా తట్టి, ఆరు మూలల సాకెట్ పెట్టి తిప్పండి. పన్నెండు మూలలది పెడితే అంచులు అరిగిపోతాయి. పైన ఉండే డోమ్ నట్టు మెత్తటిది, దాన్ని సర్దుకునే స్క్రూ పానాతో పట్టుకోవడం తప్పు. అప్పటికీ రాకపోతే వేడి చేయాల్సి వస్తుంది. అది ఇంట్లో చేసే పని కాదు, పక్కనే రబ్బరు బుష్, పైన ప్లాస్టిక్, కొంచెం ముందు పెట్రోల్ ట్యాంకు ఉన్నాయి. మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లండి.

ఎంత బిగించాలి?

మీ బండి సర్వీసు మాన్యువల్‌లో ఉన్న టార్క్ ఎంతో అంత. ఊహించి చెప్పే అంకెలు నమ్మకండి. ఒక్క మెళకువ మాత్రం ఉంది. గాల్లో చక్రం వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగిస్తే బుష్‌లోని రబ్బరు ఆ స్థితిలో పట్టుకుపోతుంది. తర్వాత మనం ఎక్కి కూర్చోగానే అది మెలిపడి, రోజూ మెలిపడుతూనే ఉండి త్వరగా చిరుగుతుంది. అందుకే చేత్తో బిగించి, బండిని నేల మీదికి దించి, ఒకరు సీటు మీద కూర్చున్నాక చివరి టార్క్ ఇవ్వాలి. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ ఒకసారి చూసుకోండి.

బిగించేశాను. బండి ఇంకా కొడుతోంది. మోసపోయానా?

లేదు, ఇంకా సెట్ చేయలేదంతే. మొదట సాగ్ కొలవాలి. బండి తన బరువుకి ఎంత కుంగుతోంది, మీరెక్కితే ఎంత కుంగుతోంది అన్నదే సాగ్. గుంతలోకి చక్రం దిగాలంటే షాక్ కొంత ముందే కుంగి ఉండాలి, అప్పుడే కిందికి చాచుకోవడానికి చోటుంటుంది. అస్సలు కుంగని షాక్ గుంత రాగానే చక్రాన్ని గాల్లో వదిలేస్తుంది, ఆ తర్వాత దబ్‌మని పడుతుంది.

ఇద్దరు మనుషులు, ఒక టేపు ఉంటే చాలు. వెనక యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైన గ్రాబ్ రైలు మీద ఒక చోట మాస్కింగ్ టేపు ముక్క అంటించి గీత పెట్టండి. ప్రతిసారీ అక్కడికే కొలవాలి.

డబుల్ స్టాండ్ మీద, చక్రం గాల్లో ఉన్నప్పుడు మొదటి కొలత. ఉదాహరణకి 560 మి.మీ. అనుకుందాం. బండిని నేల మీద నిటారుగా నిలబెట్టి, ఎవరూ ఎక్కకుండా రెండో కొలత, 550. ఇప్పుడు హెల్మెట్, జాకెట్, రోజూ మోసే ల్యాప్‌టాప్ బ్యాగుతో సహా మీరెక్కి కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టాలి. ఒకరు ముందు నుంచి హ్యాండిల్ పట్టుకోవాలి, ఇంకొకరు కొలవాలి (మూడో మనిషి లేకపోతే గోడకి మోచేయి ఆనించండి). అది 531 వచ్చిందనుకోండి. ఖాళీ బండి సాగ్ 10, మీతో కలిపి 29. ఇంటర్‌సెప్టర్‌కి వెనక చక్రం ప్రయాణం 88 మి.మీ., అందులో మూడో వంతు దాదాపు 29. అంటే సరిగ్గా కుదిరినట్టే. రోడ్డు మీద నడిపే బండికి మొత్తం ప్రయాణంలో మూడో వంతు అటూ ఇటూగా ఉంటే చాలు.

సీల్స్ పట్టేయడం వల్ల కొలత ప్రతిసారీ రెండు మూడు మిల్లీమీటర్లు మారుతుంది. ఒకసారి సీటుని కిందికి నొక్కి మెల్లగా వదిలి కొలవండి, ఇంకోసారి పైకి లాగి మెల్లగా వదిలి కొలవండి, రెండింటి సగటు తీసుకోండి.

ఎక్కువ కుంగితే ప్రీలోడ్ (స్ప్రింగ్‌ని ముందే ఎంత నొక్కి ఉంచాం అన్నది, కాలర్ తిప్పితే మారుతుంది) పెంచాలి, తక్కువ కుంగితే తగ్గించాలి. రెండు వైపులా సమానంగా, చక్రం గాల్లో ఉన్నప్పుడు తిప్పండి. మరలు ఉన్న కాలరైతే ముందు పాత టూత్‌బ్రష్‌తో మట్టి తుడవాలి, లేకపోతే అల్యూమినియం మరలు పట్టేస్తాయి.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రీలోడ్ పెంచితే స్ప్రింగ్ గట్టిపడదు, బండి ఎత్తు మాత్రమే మారుతుంది. మీతో కలిపి సాగ్ సరిగ్గా తేవడానికి ప్రీలోడ్ అంతా బిగించాల్సి వచ్చి, ఖాళీ బండి అస్సలు కుంగట్లేదంటే మీ బరువుకి ఆ స్ప్రింగ్ మెత్తన. మీతో సరిగ్గానే ఉండి, ఖాళీ బండి తనంతట తానే చాలా కుంగుతోందంటే స్ప్రింగ్ గట్టిది. షాపువాళ్లతో స్ప్రింగ్ మార్చమని మాట్లాడాల్సింది ఈ కొలతలు చేతిలో పెట్టుకునే. "కొడుతోంది భయ్యా" అంటే "కొత్తవి కదా, సెట్ అయితాయి" అని పంపేస్తారు.

రీబౌండ్ మర ఎలా తిప్పాలి?

కుంగిన షాక్ ఎంత వేగంగా తిరిగి లేవాలో అదుపు చేసేదే రీబౌండ్. అన్ని షాక్స్‌కీ ఆ మర ఉండదు. ఉంటే పూర్తిగా బిగించి, అక్కడి నుంచి క్లిక్కులు లెక్కపెడుతూ కంపెనీ చెప్పిన మధ్య స్థానానికి రండి. అంకె ఫోన్‌లో రాసుకోండి. ఒకసారికి ఒకటి రెండు క్లిక్కులకంటే ఎక్కువ మార్చొద్దు, ప్రీలోడ్ మార్చిన రోజే దీన్ని ముట్టుకోవద్దు.

స్పీడ్ బ్రేకర్ దాటాక బండి పడవలా ఊగుతూ ఉంటే రీబౌండ్ తక్కువైంది. వరుసగా వేసిన రంబుల్ స్ట్రిప్స్ మీద మొదటి రెండు మెత్తగా పోయి, ఐదోది ఆరోది వచ్చేసరికి నడుముకి తగులుతుంటే రీబౌండ్ ఎక్కువైంది. షాక్ పైకి లేచే లోపే తర్వాతి దెబ్బ పడి, కుంగుతూ కుంగుతూ అడుగుకి చేరుతోందన్నమాట. మన ఊళ్లో చాలామంది రెండో జబ్బుని మొదటిది అనుకుని ఇంకా బిగిస్తారు.

వెనక మా ఆవిడ, మధ్యలో బాబు కూర్చుంటారు. ఏ సెట్టింగ్ పెట్టాలి?

ఇద్దరికి కొలిచి ఒకటి, ఒక్కరికి కొలిచి ఒకటి. రెండు మెట్ల నంబర్లూ సీటు కింద స్టిక్కర్ మీద రాసి పెట్టుకోండి. వారమంతా ఒక్కరే వెళ్తూ ఆదివారం కోసం గట్టిగా ఉంచడం వల్లే ఎక్కువమందికి నడుం నొప్పులు. మధ్యలో మూడో మనిషి విషయం షాక్‌తో తేలేది కాదు, బాబుకి హెల్మెట్ ముందు కొనండి.

టెస్ట్ రైడ్ ఎక్కడ చేయాలి?

ఒకే దారిలో, ఒకే స్పీడులో మళ్లీ మళ్లీ. గుంత, స్పీడ్ బ్రేకర్, ఒక మంచి మలుపు ఉన్న నాలుగు కిలోమీటర్ల చుట్టు ఇంటి దగ్గరే ఎంచుకోండి. అవుటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీద టూవీలర్లకి అనుమతి లేదు, సర్వీసు రోడ్డు మాత్రం పొద్దున్నే ఖాళీగా ఉంటుంది. సిటీలో కుదిరాక వికారాబాద్ వైపు అనంతగిరి మలుపుల్లో ఒకసారి చూస్తే, వంగినప్పుడు వెనక చక్రం ఎలా పట్టుకుంటోందో తెలుస్తుంది.

ముందు ఫోర్కులు కూడా మార్చాలా?

మార్చక్కర్లేదు. ఫోర్కు ఆయిల్ మాత్రం మార్పించండి. వెనక కొత్తగా అయ్యేసరికి ముందున్న లోపం బయటపడుతుంది, జనం దాన్ని కొత్త షాక్స్ మీదికి తోస్తారు.

మోనోషాక్ (వెనక ఒకే షాక్ ఉండే) బండికి ఇంట్లో చేయొచ్చా?

నేనైతే వద్దనే అంటాను. పాడాక్ స్టాండ్ స్వింగ్‌ఆర్మ్‌ని పట్టుకుని బండిని లేపుతుంది. ఉన్న ఒక్క షాకూ తీయగానే బండి వెనక భాగమంతా ఆ స్వింగ్‌ఆర్మ్ మీదికి కూర్చుంటుంది. ఫ్రేమ్‌ని పై నుంచి వేలాడదీసే ఏర్పాటు కావాలి, లింకేజీ బేరింగ్‌లు విప్పి గ్రీజు పెట్టాలి. సెల్లార్‌లో పైప్‌లైన్‌కి తాడు కట్టి బండిని వేలాడదీయకండి, అది పీవీసీ పైపు.

పోలీసులు పట్టుకుంటారా? వారంటీ పోతుందా?

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ అసలు స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. అదే పొడవు, అదే బిగింపు ఉన్న షాక్ వేసుకోవడం వేరు, బండి ఎత్తూ రూపం మార్చేయడం వేరు. రెండోదాని జోలికి పోకండి. బిల్లు దాచుకోండి.

వారంటీలో ఉన్న బండికి సస్పెన్షన్ మీద క్లెయిమ్ రాదనే అనుకోండి. వారంటీ అయ్యేదాకా ఆగగలిగితే ఆగండి.

వానాకాలంలో ఏం చూసుకోవాలి?

బురదలో తిరిగొచ్చాక షాక్ రాడ్‌ని మామూలు నీళ్లతో కడిగి, తడిగుడ్డతో తుడవండి. ఎండిన మట్టిని పొడిగుడ్డతో రుద్దితే రాడ్ మీద గీతలు పడతాయి, గీతలు సీల్‌ని కోస్తాయి. వాటర్ వాష్ కుర్రాడు ప్రెషర్ గన్ సీల్ మీదికి తిప్పితే ఆపండి. సెల్లార్‌లో నీళ్లొచ్చి బండి మునిగితే రాడ్ మీద తుప్పు చుక్కలు చూసుకోండి. అవి గోటికి తగులుతుంటే సీల్ ఎక్కువ కాలం నిలవదు.

పాత షాక్స్ ఏం చేయాలి?

పనిచేస్తున్నవైతే నూనె గుడ్డలో చుట్టి నిలబెట్టి దాచండి. బండి అమ్మేటప్పుడు ఒరిజినల్స్ బిగించి, కొత్తవి విడిగా అమ్ముకోవచ్చు. పోయినవైతే పాత సామాన్లవాడికి ఇచ్చేయండి, కాకపోతే గ్యాస్ షాక్స్ అని నోటితో చెప్పి ఇవ్వండి. వాళ్లు గ్యాస్ కటర్‌తో కోస్తారు, లోపల ఒత్తిడి ఉందని తెలియకపోతే ప్రమాదం.